చేతులు పనిలో, చెవులు పుస్తకంలో

"చదవాలనే ఉంటుందండీ, టైమెక్కడిదీ?"

ఈ మాట నాతో అనని ఆడవాళ్లు తక్కువ. పెళ్లిపందిట్లో అంటారు, రైలుపెట్టెలో అంటారు, కూరలబండి దగ్గర కూడా అంటారు. నేను నవలలు రాస్తానని తెలియగానే ముందు మొహం వికసిస్తుంది. ఆ వెంటనే ఏదో బాకీ గుర్తొచ్చినట్టు కాస్త ముడుచుకుపోయి ఈ మాట అంటారు. మగవాళ్లూ అంటారనుకోండి. కాని వాళ్లు "టైం లేదండీ" అన్నప్పుడు అందులో ఒక దర్జా ఉంటుంది, తామెంత పనిమంతులో మనకి తెలియాలన్నట్టు. ఆడవాళ్లు మాత్రం తప్పు ఒప్పుకుంటున్నట్టు అంటారు.

ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చిందా అని మా గోదావరి జిల్లాల పాత సంగతులు తిరగేస్తూ పోతే నాకొక చిత్రం తోచింది. మన ముత్తవ్వలకి పుస్తకం వినే తీరిక ఉండేది. వాళ్లకి లేనివల్లా అక్షరాలే. తీరా అక్షరాలు వచ్చేసరికి, ఎలా జారిపోయిందో గాని, ఆ తీరిక కాస్తా జారిపోయింది.

ఆ తీరిక ఎలాంటిదో చెప్తాను. కోనసీమలో ఒక మండువా లోగిలి అనుకోండి. మగవాళ్ల భోజనాలైపోయాయి, ఆడవాళ్లవీ అయిపోయాయి. ఎంగిళ్లెత్తి, వంటిల్లు అలికి, పొద్దువాలి మళ్లీ పొయ్యి రాజేసేదాకా రెండు మూడు గంటలు. ఆ రెండు మూడు గంటలూ ఖాళీ అనుకునేరు! చింతపండు ఈనెలు తీయాలి, బియ్యంలో రాళ్లేరాలి, వత్తులు చేసుకోవాలి, విస్తళ్లు కుట్టాలి, వేసవి అయితే అప్పడాలు వత్తాలి. పది జతల చేతులు పనిలో ఉండగా ఇంట్లో అక్షరాలొచ్చిన ఒక్క ప్రాణి, ముసలి తాతగారో, బడికి వెళ్లే కుర్రాడో, చిన్నతనంలోనే పుట్టింటికి తిరిగొచ్చేసి ఎలాగో అక్షరాలు కూడబలుక్కున్న మేనత్తో, స్తంభానికి చేరగిలబడి భాగవతమో రంగనాథ రామాయణమో చదివేవారు. రంగనాథ రామాయణం ద్విపద కాబట్టి చెవికి ఇట్టే అందుతుంది, రాగం కట్టి చదివితే చేతిపనికి తాళం వేసినట్టు కూడా ఉంటుంది. మధ్యలో ఎవరో కన్నీళ్లు తుడుచుకునేవారు. ఎవరో సీతమ్మవారి పక్షాన నాలుగు మాటలు ఘాటుగా అనేవారు. ఆ అనేవాళ్లకి సంతకం పెట్టడం కూడా రాదు.

అక్కడ ఎవరినీ ఎవరూ "పనీ పాటా లేదా?" అని అడగలేదు. ఒకటి, వినేది పుణ్యకథ. రెండు, చేతులు ఊరికే లేవు. ఈ రెండోదే నాకు ముఖ్యమనిపిస్తుంది.

ఇలా పనీ పుస్తకమూ కలిసి నడవడం మన లోగిళ్లకే చెల్లలేదు. భూగోళానికి అటువైపు క్యూబా అనే చెరకుల దేశం ఉంది. అక్కడ హవానా పట్టణంలో చుట్టలు చుట్టే కార్మికులు 1865లో ఒక ఏర్పాటు చేసుకున్నారు. వందలమంది వరసలుగా కూర్చుని పొగాకు చుడుతుంటే ఎత్తయిన పీట మీద ఒక మనిషి కూర్చుని పేపరూ, నవలా గట్టిగా చదువుతాడు. అతని జీతం కార్మికులే తలా కాస్త వేసుకుని ఇచ్చేవారు. వీళ్లకి లేనిపోని ఆలోచనలొస్తున్నాయని మరుసటి ఏడే ప్రభుత్వంవారు దాన్ని నిషేధించారు గాని, పూర్తిగా ఆగలేదు. వాళ్లకి "కౌంట్ ఆఫ్ మాంటీక్రిస్టో" నవలంటే ఎంత ప్రాణమో, ఆ పేరుతో ఒక చుట్టే వెలిసింది! మా లంకల్లో కూడా పొగాకు పండుతుంది. చుట్టలూ కాలుస్తాం. పుస్తకం పేరు మాత్రం ఏ చుట్టకీ పెట్టుకున్నట్టు లేదు.

ఇక అక్షరాలు వచ్చిన కథ. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. అప్పటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తయి ఇరవై రెండేళ్లు. కాలవలు పారి, పొలాలు పండి, డెల్టాలో నాలుగు డబ్బులు కనిపిస్తున్న రోజులు. ఆ ఏడే పంతులుగారు "వివేకవర్ధని" పత్రిక కూడా మొదలుపెట్టారు. బడి గురించి మనం చిన్నప్పటి నుంచీ పాఠాల్లో చదువుకుంటూనే ఉన్నాం. దాని తర్వాత వచ్చిన చిక్కు మాత్రం పాఠాల్లో లేదు. ఆడపిల్లకి పదేళ్లో పన్నెండేళ్లో రాగానే పెళ్లి. పెళ్లవగానే బడి బంద్. అత్తవారింట పుస్తకం లేదు. నేర్చిన నాలుగు అక్షరాలూ వాడకం లేని ఇత్తడి గిన్నెల్లా మకిలి పట్టిపోయేవి. పిల్ల బడికి వచ్చినంత మాత్రాన చాలదు, పిల్ల వెళ్లిన చోటికి పుస్తకం వెళ్లాలి. అందుకనే కాబోలు 1883లో పంతులుగారు ప్రత్యేకం ఆడవాళ్ల కోసం "సతీహితబోధిని" అనే పత్రిక పెట్టారు. అందులో సుద్దులెక్కువ, సరదా తక్కువ అని ఇవాళ మనకి అనిపించవచ్చు. అనిపించనివ్వండి. నెలకోసారి ఆడదాని పేరు చెప్పుకుని ఒక కాగితం గడప దాటి లోపలికి రావడమే అప్పటికి గొప్ప.

సరిగ్గా ఇక్కడే మెలిక పడింది. పురాణం పదిమందికీ వినబడేలా చదువుతారు. పత్రిక అలా కాదు, ఒక్కతే ఒక మూల కూర్చుని మనసులో చదువుకునేది. పదిమంది మధ్య చింతపండు ఒలుస్తూ కథ విన్న కోడలు పనిమంతురాలు. అదే కోడలు కిటికీ దగ్గర ఒంటరిగా, పెదవి కదపకుండా, కాగితం మీద తల వంచుకు కూర్చుంటే? చేతులు ఖాళీగా ఉన్నాయి కదా! పైగా ఏం చదువుతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నవ్వుకుంటోంది, ఎందుకు నవ్వుకుంటోందో తెలియదు. అత్తగారికి కడుపులో దిగులు పుట్టిందంటే నేను ఆవిణ్ణి తప్పు పట్టను. ఇంట్లో ఆడమనిషి ఒక్కర్తే ఎక్కడికో వెళ్లివస్తున్నట్టే కదా అది!

మనం ఇవాళ పుస్తకం తీయగానే ఎవరో పిలుస్తున్నట్టు ఉలిక్కిపడటం అప్పటిదేనని నా నమ్మకం.

అన్నట్టు పంతులుగారే గలివర్ యాత్రల పోకడలో "సత్యరాజా పూర్వదేశ యాత్రలు" రాశారు. అందులో ఆడుమళయాళమనే దేశం వస్తుంది. అక్కడ ఏలుబడంతా ఆడవాళ్లది, అణిగిమణిగి ఉండవలసింది మగవాళ్లు. మన ఆచారాలన్నీ తిరగేసి చొక్కా తొడిగినట్టుంటాయి. ఆ రోజుల్లో దాన్ని కిటికీ పక్కన కూర్చుని చదివిన ఇల్లాలు ఎలా నవ్వుకుని ఉంటుందో ఊహించుకోండి. పైకి చదవడానికి వీల్లేని పుస్తకం!

1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తమ్మీద చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా తేలలేదు. ఆ మరుసటి ఏడాది, 1902లో, ఏలూరులో సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూసుందరి" అనే మాసపత్రిక మొదలుపెట్టారు. నూటికి ఒక్కరు లేని పాఠకుల కోసం పత్రిక పెట్టడమంటే, చేపలు లేని చెరువులో గాలం వేయడమే అనిపిస్తుంది. ఆయన సంపాదకత్వం ఆడవాళ్లకే అప్పగించారు. మోసలికంటి రమాబాయమ్మగారూ, వెంపల శాంతాబాయమ్మగారూ నడిపారు. తర్వాత పత్రిక కాకినాడ చేరింది. అక్కడ కూడా స్త్రీలే చేతికి తీసుకుని ఏళ్ల తరబడి సాకారు.

అందులో రాసినవారిలో భండారు అచ్చమాంబగారొకరు. ఆవిడ ఏ బడికీ వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. అలా నేర్చిన మనిషి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసి, మన దేశపు స్త్రీల చరిత్రలు తెలుగువాళ్ల చేతిలో పెట్టింది. 1902లోనే హిందూసుందరిలో "ధనత్రయోదశి" కథ రాసింది. 1905లో పోయేనాటికి ముప్పై ఒక్కేళ్లు కూడా నిండలేదు. ఇంత చదువుకీ ఇంత రాతకీ ఆవిడకి టైమెక్కడిదని మనం అడగవచ్చు. నాకు మాత్రం ఆ తమ్ముడి పక్కన ఖాళీగా ఉన్న జానెడు చాపే కళ్లకి కడుతుంది.

మగవాళ్లకి మాత్రం ఆ రోజుల్లోనే చదువుకునే చోట్లు ఏర్పడ్డాయి. రాజమండ్రిలో 1898లో నాళం కృష్ణారావుగారు, అప్పటికి ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు, వడ్డాది సుబ్బారాయుడుగారి పేరిట వసురాయ గ్రంథాలయం పెట్టారు. దానికి మరో గ్రంథాలయం కలిసి ఇప్పటి గౌతమీ గ్రంథాలయమైంది. తాళపత్రాలతో సహా ఎంత సంపదుందో అక్కడ! కాని సాయంకాలం కండువా వేసుకుని గ్రంథాలయానికి వెళ్లడం మగవాడి షికారు. ఆ వేళకి ఇల్లాలు దీపాలు తుడుచుకుంటూ ఉంటుంది. పుస్తకం ఇంటికి తెచ్చిపెట్టే భర్తో, మరిదో, కొడుకో ఉంటే సరి. లేకపోతే లేదు. వాళ్లు ఏది తెస్తే అదే ఆవిడకి నచ్చిన పుస్తకం.

1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా కలిసి మొదటి సభ జరుపుకున్నారు. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్యగారు పుట్టింది మా తూర్పుగోదావరి కొంకుదురులో. అధ్యక్షత వహించింది రాజమండ్రి చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఈ ముచ్చట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే చిలకమర్తివారికి చిన్నప్పటి నుంచీ రేచీకటి. దీపం పెట్టాక పాఠాలు స్నేహితులు చదువుతుంటే విని నేర్చుకున్న మనిషి. తర్వాత తర్వాత చూపు మరీ పోయి, చదివించుకుని వినడమూ, చెప్పి రాయించడమూ అయింది. "గణపతి" రాసిన మహానుభావుడు సగం సాహిత్యాన్ని చెవుల్తోనే చదివారన్నమాట. పుస్తకాల వాళ్ల మొదటి సభకి అలాంటి మనిషి పెద్ద. మండువాలో మేనత్త చదివితే విన్న అమ్మలక్కలకీ ఆయనకీ ఇందులో చుట్టరికం ఉంది మరి.

ఆ ఉద్యమం వాళ్లలో కొందరికి అసలు సంగతి త్వరగానే అర్థమైంది. ఆడవాళ్లూ, పొలాల్లో వాళ్లూ గ్రంథాలయానికి రాలేరు, గ్రంథాలయమే కదలాలి అని. సంచుల్లో, పెట్టెల్లో పుస్తకాలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగే సంచార గ్రంథాలయాలు అలా వచ్చాయి. అన్నిటికంటే అందమైనది మా పక్క డెల్టాలో జరిగింది. కృష్ణ కాలవల మీద గుంటూరు జిల్లా పెదపాలెం వాస్తవ్యులు పాతూరి నాగభూషణంగారు 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపారు! కాలవ వెంబడి ఊరూరికీ పడవ ఆగడం, పాత పుస్తకాలు తీసుకుని కొత్తవి ఇవ్వడం. ఉప్పూ, కొబ్బరీ, ధాన్యమూ, పెళ్లివారూ ప్రయాణం చేసే కాలవల మీద నవలలు కూడా ప్రయాణం చేశాయి. బిందె తీసుకుని రేవుకి వచ్చిన ఆడవాళ్లకి ఆ పడవ కంటబడకుండా పోదు. ఇన్ని కాలవలూ ఇన్ని లాకులూ ఉన్న గోదావరి వాళ్లం మనకి ఆ ఆలోచన ముందు ఎందుకు రాలేదా అని నాకు కాస్త ఈర్ష్యే.

తర్వాత 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటి పన్ను కట్టే రసీదు ఎప్పుడైనా తీరిగ్గా చూడండి, అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది, పన్ను రూపాయికి 8 పైసలు. అంటే మనందరం ఏళ్ల తరబడి పుస్తకాలకి డబ్బు కడుతూనే ఉన్నాం! మరి గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు? చాలాచోట్ల శాఖా గ్రంథాలయం పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. పొద్దున్న క్యారేజీలు కట్టే వేళ, సాయంత్రం పిల్లలు బడి నుంచి ఆకలితో ఊడిపడే వేళ. మధ్యాహ్నం రెండు గంటలకి, మన ముత్తవ్వలు పురాణం విన్న ఆ వేళకి, తలుపుకి తాళం. ఈ వేళలు పెట్టినవారెవరో నాకు తెలియదు గాని, ఆయన ఇంట్లో వంట ఆయన చేసి ఉండరని మాత్రం చెప్పగలను.

అక్షరమూ తీరికా మళ్లీ కలుసుకున్న కాలం ఒకటుంది. అది వారపత్రికల కాలం. 1950ల నుంచి ఎనభైల దాకా అనుకోండి. 1951లో దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది. అప్పటి నుంచి పెరుగుతూ వచ్చిన ఆడపాఠకులకి సీరియల్ అనేది చేతికి దొరికిన వరం. సీరియల్ గొప్పతనం దాని కొలతలో ఉంది. వారానికి నాలుగైదు పేజీలు. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా అయిపోతుంది. ఆపవలసిన చోట రచయిత్రే ఆపేస్తుంది కాబట్టి "ఇంకొక్క పేజీ" అని కూర చిమిడించుకునే ప్రమాదం లేదు. మిగతా ఆరు రోజులూ కథ కళ్లతో కాదు, మనసుతో నడుస్తుంది. పైగా పక్కింటావిడ కూడా అదే చదివింది కాబట్టి గోడమీంచి మాట్లాడుకోవచ్చు. "చూశారా, ఆ అబ్బాయి ఎంత పొగరుగా మాట్లాడాడో!" మండువా గోష్ఠి మళ్లీ వచ్చిందన్నమాట, కాస్త రూపు మార్చుకుని.

1964లో యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" జ్యోతి మాసపత్రికలో మొదలైనప్పుడు ఊళ్లల్లో ఎలా ఉండేదో మా పెద్దమ్మ చెప్పేది. ఆవిడ పని చేసుకునే తీరు చూసి నేను సీరియల్ చరిత్ర రాయవచ్చు. పత్రిక రాగానే మావయ్యలు చదివాక, పిల్లలు బొమ్మలు చూశాక, పక్కింటికి వెళ్లి వచ్చాక, ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి బీరువా అడుగున దాచేది. కథ అయ్యాక అట్ట వేయించి, పిండి జిగురుతో అంటించి, దబ్బనంతో కుట్టించేది. ఆ పుస్తకాల్లో కథ మధ్యలో సగం తెగిన తలనూనె ప్రకటన ఉంటుంది. పేజీ వెనక ఎవరిదో జోకు సగం ఉంటుంది. మిగతా సగం ఏమయ్యుంటుందో అని చిన్నప్పుడు నేను ఎంత ఆలోచించానో! అట్టమీద ఆవిడ పేరు ఆవిడే రాసుకునేది. ఆ ఇంట్లో ఆవిడ పేరున్న ఆస్తి అదొక్కటే.

ఇవి కాక వీధి చివర అద్దె పుస్తకాల కొట్లు. రోజుకి చిల్లరడబ్బులు అద్దె. రోజు దాటితే మళ్లీ అద్దె. ఆ గడువే చదివించేది. రేపు పొద్దున్న తిరిగివ్వాలంటే ఈ రాత్రి ఎలాగో చదవాల్సిందే కదా. మాలతీ చందూర్‌గారు "పాతకెరటాలు"లో ఇంగ్లీషు నవలలని తేట తెలుగులో చెప్తుంటే, ఇంగ్లీషు అక్షరం ముక్క రాని ఇల్లాళ్లు కూడా ఆ పాత్రలని తమ మేనత్తల్లా ఎరిగి ఉండేవారు.

ఈ చదువుని విమర్శకులు చాలామంది చులకన చేశారు. కాలక్షేపం అన్నారు, వంటింటి సాహిత్యమన్నారు. కాలక్షేపమే! కాలాన్ని క్షేపించడానికి ఆ ఆడవాళ్ల దగ్గర కాలం ఎంతుందో వాళ్లెప్పుడైనా లెక్క వేశారా అని నా ప్రశ్న. ఆ నవలల్లో అన్నీ గొప్పవని నేననను. రాజశేఖరం పేరుతో కార్లు దిగే నాయకులని చూసి నాకూ నవ్వొస్తుంది. కాని రోజూ అరగంట ఒక ఆడమనిషి "ఇది నా టైము" అనడానికి అలవాటు పడింది ఆ నాసిరకం నవలల దయవల్లే.

లెక్క అన్నాను కాబట్టి ఒక లెక్క. ప్రభుత్వంవారు 2019లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంతసేపు ఖర్చు చేస్తారో సర్వే చేశారు. ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లది రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లది 97. మళ్లీ 2024లో చేశారు. ఆడవాళ్లది 289కి దిగింది. అయిదేళ్లలో పది నిమిషాలు మిగిలాయి, సంతోషం. ఒక చిన్న కథకి సరిపోతాయి. మగవాళ్లది ఎంతైందనుకున్నారు? 88. వాళ్లూ తొమ్మిది నిమిషాలు మిగుల్చుకున్నారు!

ఈ పది నిమిషాలని ఇప్పుడు ఫోను తినేస్తోందని అందరూ అంటున్నారు. నిజమే. కాని ఫోను చూడటానికి దొరికే టైము పుస్తకానికి ఎందుకు దొరకదో గమనించారా? ఫోను ఒక చేత్తో చూస్తాం, నిలబడి చూస్తాం, పాలు పొంగుతున్నాయేమోనని ఒక కన్ను అటు వేసి చూస్తాం. ఇంట్లో వాళ్లకి మనం పనిలో ఉన్నట్టే ఉంటుంది. పుస్తకం తీసుకుని కూర్చుంటే మాత్రం, "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఈ బొత్తాం కుట్టిపెట్టు" అంటారు. నూటపాతికేళ్ల నాటి కిటికీ ఇంకా అక్కడే ఉంది.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఇంట్లో అత్తగారు. ఆవిడ ఈ మధ్య ఫోనులో నవలలు వింటున్నారు. ఎవరో చక్కగా చదివి పెడుతున్నారట, రోజుకో అధ్యాయం. మొన్న సాయంత్రం వెళ్తే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, చెవిలో తీగ పెట్టుకుని వింటున్నారు. అత్తగారు ఎదురుగా కూర్చుని రెండో పళ్లెంలో కాయలు తుంపుతూ, కోడలి మొహంలోకి కాసేపు అనుమానంగా చూసి చూసి, చివరికి ఉండబట్టలేక అన్నారు.

"ఆ తీగ తీసేసి గట్టిగా పెట్టవే అమ్మాయ్. ఆ పిల్ల ఏం చేసిందో నాకూ వినపడాలి!"